సింహాచలం వద్దన్న గాలి

"దగ్గిస్తాడంట!" అన్నాడు దానయ్య.

సముద్రం అడుగున, వెలుగంటే ఏమిటో చేపలకి కూడా తెలియని లోతులో, ఒక ఇనప గది. గదిలో ఎనిమిది మంది. పైన తేలుతున్న ఓడలోంచి ప్రాణేశ్వర్ గొంతు, కప్పుకి బిగించిన స్పీకర్లో అప్పుడే గరగరమని ఆగింది. ఆ గరగరని తెలుగులోకి మార్చి తోటివాళ్లకి అందించే బాధ్యత దానయ్య తనంతట తానే నెత్తికెత్తుకున్నాడు, స్పీకరు కింద కూర్చున్నది తనే కదా అని. చిక్కేమిటంటే స్పీకరు వైపున్నది అతని ఎడమ చెవి. ఆ చెవి దానయ్యకి పోగు పెట్టుకోవడానికి తప్ప ఇంకెందుకూ పనికిరాదు.

"ఏటన్నాడు?" అంది సింహాచలం.

"దగ్గిస్తాడంటొదినా. 'ఒక్కొక్కరినీ దగ్గిస్తాను, ముందు ఆ కాశితో మొదలెడతాను' అన్నాడు. డాట్రు పరీచ్చ కామోసు."

సింహాచలం ఒక్క క్షణం స్పీకరు వైపు చూసింది. తర్వాత, చేతికి గుడ్డ చుట్టుకుని మూలన పడుకున్న కాశి వైపు చూసింది.

"మరి సూత్తారేటర్రా? దగ్గండి!"

దగ్గారు. పోలారావు పాత బోటింజను స్టార్టు చేసినట్టు దగ్గాడు. ఇంకొకడు వియ్యాలవారింట్లో మంచినీళ్లడిగే ముందు దగ్గినట్టు మర్యాదగా దగ్గాడు. కాశి నలిగిన చేతిని గుండెకి హత్తుకుని, దగ్గబోయి నవ్వాడు. చెయ్యి నలిగినప్పటి నుంచీ వాడు నవ్వడం అదే మొదలు. వాడి నవ్వు చూసి మిగతావాళ్లూ నవ్వారు. దగ్గుకీ నవ్వుకీ మధ్య గట్టు తెగిపోయి గదంతా గోలగోలైంది.

"ఏంటా దగ్గులు? సిగ్గు లేదూ?" స్పీకరు అరిచింది. "నేనన్నది తగ్గిస్తానని! మీ తలల లెక్క తగ్గిస్తానని! పనిలోకి దిగకపోతే కాశి గాలి మూసేస్తాను. తర్వాత ఇంకొకడిది. ఆలోచించుకోండి."

నవ్వు చచ్చింది. ఆరు జతల కళ్లు దానయ్య ఎడమ చెవి మీద వాలాయి. సింహాచలం మాత్రం గోడ మీద, మనిషికొకటిగా వెలుగుతున్న ఎనిమిది దీపాలనే చూస్తోంది.

"నీ సెవిలో సీసం పొయ్యా," అన్నాడు పోలారావు. "సంపుతానన్నోడి మాటని దగ్గమన్నాడంటావేటి?"

దానయ్య తల దించుకున్నాడు. ఇంతకాలం చెవికి పోగు బరువే అనుకున్నాడు. ఇప్పుడు పరువూ బరువైంది.

ఈ ఎనిమిది మందీ భీమిలి అవతల సముద్రపు ఒడ్డున పుట్టి, ఉప్పుగాలి పీల్చి పెరిగినవాళ్లు. చేపలు తగ్గి వలలు వెలవెలబోతున్న కాలంలో ఒక కంపెనీ వచ్చింది. సముద్రం అడుగున బంగాళాదుంపల్లాంటి నల్లటి లోహపు ముద్దలున్నాయి, ఏరిపెడితే చాలంది. వీళ్లు వాటికి దుంపలని పేరు పెట్టారు. ఇనప గదికి బాన అని పేరు పెట్టారు. పై అధికారిని తలుచుకున్నప్పుడల్లా "ఈడి దుంప తెగ" అనుకునేవాళ్లు. తెగేవి మాత్రం వీళ్ల చేతులే.

సింహాచలం వాళ్ల సరంగు. అంటే బోటు మీద నాయకుడని అర్థం. ఆ ఊళ్లో సరంగులందరికీ మీసాలున్నాయి, ఈవిడకి తప్ప. పేరులో సగం సింహం, సగం అచలం. మొదటి సగం గొంతులో ఉండేది, రెండో సగం నడుములో. ఒడ్డున నిలబడి ఆవిడ ఒక్క కేక వేస్తే అలలవతల బోటు ముఖం తిప్పుకునేది. భర్త ఎల్లాజీ మోకాలు చెడి ఇంట్లో వంటకి దిగాక, అతని బోటూ, అతని తమ్ముడు దానయ్యా కూడా ఆవిడ చేతి కిందకే వచ్చాయి.

ఇక పైనున్నవాడి పేరు ప్రాణేశ్వర్. తల్లిదండ్రులు ప్రేమగా పెట్టిన పేరును అతను ఉద్యోగ హోదా అనుకున్నాడు. వీళ్ల గడువు దాటింది. మార్చడానికి రావలసిన జట్టు రాలేదు. తవ్వకానికి అనుమతి లేని చోట తవ్విస్తున్నాడు కనుక, తనిఖీ పడవ వచ్చేలోగా ఓడ నింపుకుని పోవాలి. అందుకని బానని పైకి లాగలేదు. అరిగిపోయిన తవ్వుడు తొట్టి జారి కాశి చేతి మీద పడితే, "ఇంకో చెయ్యుందిగా" అన్నాడు.

అప్పుడు సింహాచలం తొట్టి మీటని పీకి, దాని మీద పీట వేసుకున్నట్టు కూర్చుంది. "మా గుంటణ్ణి పైకి లాగే వరకూ నీ దుంపొక్కటీ ముట్టుకోం," అంది.

అలా మొదలైన తగువు ఇలా తగ్గింపు దాకా వచ్చింది.

ఇంతకీ ఒక మనిషి గాలి మాత్రమే మూసెయ్యడం ఎలాగ?

దానికి చాలా ముందు, విశాఖపట్నంలో ఒక ప్రయోగశాలలో, నీళ్లు నింపిన పెద్ద తొట్టెలో ఈ ఎనిమిది మందినీ కూర్చోబెట్టారు. ముక్కూ నోరూ కప్పే మూతలు, ఆ మూతలకి గొట్టాలు. గొట్టాలన్నీ ఒకే లావు గొట్టంలో కలుస్తాయి. "తొండాలెట్టుకున్న ఇనాయకుల్లాగున్నారర్రా!" అని నవ్వాడు ఎల్లాజీ. అతను భార్యకి ఇష్టమని కానాగంత చేపల పులుసు గిన్నెలో పట్టుకొచ్చాడు. ప్రయోగశాల అంతా ఆ వాసనే.

యంత్రం కనిపెట్టిన డాక్టర్ శమంత గట్టిగా మాట్లాడదు, మెల్లిగా నవ్వుతుంది. ఆవిడ దాన్ని చేసింది సముద్రం కోసం కాదు. ఆసుపత్రిలో ప్రాణవాయువు చాలని రోజున, ఒక్క గొట్టంతో పదిమంది పసివాళ్లని బతికించడం కోసం. ప్రతి మనిషి ఊపిరికీ ఒక తాళం, అంటే లయ, ఉంటుంది, వేలిముద్రలాగ. యంత్రం ఆ తాళాన్ని గుర్తుపట్టి, ఎవరికెంత కావాలో అంతే గాలి వాళ్ల మూతకి వదులుతుంది. ఎవరి ఊపిరికి వారిదే దీపం గోడ మీద వెలుగుతుంది.

"మూత తీసి అన్నం తింటే?" అడిగాడు దానయ్య.

"తింటున్నారని ఊరుకుంటుంది. పేరు ఉంచుతుంది. పైనుంచి మేం మూస్తేనే పేరు కొట్టేస్తుంది. మళ్లీ తెరిచాక ఆ మూతలో ఒక్కసారి ఊపిరి తీస్తే చాలు, పేరు తిరిగొస్తుంది."

తొట్టెలో బరువు లాగే పరీక్ష పెట్టారు. వాళ్లకి బరువంటే వల, వలంటే పాట. సింహాచలం కేకందుకుంది. మిగతా ఏడుగురూ అలవాటు కొద్దీ, ఆవిడ పాడుతుంటే గాలి పీల్చి, "హైలెస్సా" అంటూ వదిలారు. గోడ మీద ఏడు దీపాలు గిలగిల్లాడి ఒక్కటైపోయాయి. పక్కన సింహాచలం దీపం ఒంటరిగా ఎదురు తాళంలో వెలిగింది. వాళ్లు పీల్చేటప్పుడు వదిలేది, వదిలేటప్పుడు పీల్చేది ఆవిడ కదా!

"అయ్యో," అంది శమంత. "ఆరుగురు వెళ్లిపోయారనుకుంటోంది. మీ పాటకీ నా యంత్రానికీ జాతకాలు కలవలేదు."

"మా ఊపిర్లు కలిసినాయి గదమ్మా, సాలు," అంది సింహాచలం.

లోపం దిద్దడానికి గడువడిగితే కంపెనీ ఇవ్వలేదు. పాటే నిషేధించింది. హాజరు చెడిపోతోందట! వలకాడిని పాడొద్దనడం కొలిమికి వేడెక్కొద్దని నోటీసివ్వడమే. అయినా సంతకాలు పెట్టించుకున్నారు.

సంతకం పెట్టే ముందు సింహాచలం ఒక్కటే అడిగింది. "మా కాడ ఒక కట్టుందమ్మా. ఎలాంటి తుపానైనా, ఒంటి మనిసిని సముద్రంలో ఒగ్గేసి ఒడ్డుకి రాం. నీ మిసనీకి అది తెలుసా?"

శమంతకి ఆ మాట నచ్చింది. యంత్రం గుండెలో, ఎవరూ విప్పలేని చోట, దాన్ని రాసేసింది: అడుగున ఒక్క మనిషే మిగిలితే, ఎవరి ఆజ్ఞా అడక్కుండా, బరువులు వదిలేసి బాన పైకి రావాలి. నియమం అన్న మాటలోనే యముడున్నాడు గాని, ఈ నియమం మాత్రం యముడికి అడ్డంగా నిలబడేది.

"ఆలోచించుకున్నారా?" అంది బాన కప్పు మీది స్పీకరు.

దానయ్య ఈసారి కుడి చెవి పెట్టాడు.

సింహాచలం లేచి నిలబడింది. ముక్కు మీద మూత సర్దుకుంది. "అన్నీ ఆలోసించుకున్నాం బావూ. పనిలోకి దిగుతున్నాం," అంది వినయంగా. తర్వాత వీళ్ల వైపు తిరిగి, గొంతు తగ్గించి, "తాడట్టుకోండర్రా. కాశీ, నువ్వు ఉత్తినే నోరాడించు. లాగడానికేటీ నేదు, ఊపిరి లాగండి సాలు," అంది.

"పాటొద్దన్నారు గదొదినా?" అన్నాడు దానయ్య.

"అందికే."

కేకందుకుంది. ఆ ఇనప గదిలో ఎన్నాళ్లుగానో మూగబోయిన గొంతు గోడల్ని తాకి తిరిగొచ్చింది.

"ఉప్పు నీళ్ల తల్లికీ —"

"హైలెస్సా!"

"అప్పు లేదు మాకనీ —"

"హైలెస్సా!"

గోడ మీద దీపాలు తడబడ్డాయి. పోలారావు దీపం దానయ్య దీపంలో దూకింది. కాశి దీపం చివరిదాకా నసిగి, చివరికి అదీ కలిసింది. ఏడూ ఒక్కటయ్యాయి. పక్కన సింహాచలం దీపం. మొత్తం రెండు.

"ఏం చేస్తున్నారు? కాశి దీపమేది?" ప్రాణేశ్వర్ గొంతులో మొదటిసారి గాభరా.

"ఎతుక్కో!" అంది సింహాచలం, పాట తప్పకుండా, దాన్నీ ఒక చరణం చేసి. "మా కాశిగాడు ఏడుగురిలో — హైలెస్సా! — ఏడున్నాడో ఎతుక్కో!"

వాళ్లకి నవ్వొచ్చింది గాని నవ్వలేదు. నవ్వితే తాళం పోతుంది. పైన ఆ పెద్దమనిషి చేతిలో మీటలున్నాయి. దీపాలు కలిసిపోయాక ఏ మీట కాశిదో అతనికి తెలియదు. ఏడుగురినీ మూస్తే తొట్టి తిప్పేవాడుండడు. మిగిలింది విడిగా వెలుగుతున్న ఒక్క దీపం.

"నాటకాలాడేది నువ్వన్నమాట," అన్నాడతను. "నీ గాలే మూస్తాను."

"నీకంత గుండేదీ? ముయ్యవోయ్, సూద్దారి!"

వదిన కావాలనే రెచ్చగొడుతోంది. ఎందుకో దానయ్యకి అర్థం కాలేదు. అడగడానికి లేదు, తాళం పోతుంది. "హైలెస్సా" అనడం తప్ప చేయగలిగిందేమీ లేదు. గుండెలో ఏడుపూ, నోట్లో హైలెస్సా.

గొట్టంలో టక్కుమన్న చప్పుడు. సింహాచలం దీపం ఆరిపోయింది.

గోడ మీద ఒక్క దీపం మిగిలింది.

బాన కింద ఏవో కొక్కేలు ఊడిన మోత. గది ఒకసారి వణికి, పక్కకి ఒరిగి, సర్దుకుని, లేవడం మొదలెట్టింది. అడుగున ఒంటి మనిషి మిగిలాడనుకుంది యంత్రం. ఆ ఒంటి మనిషికి ఏడు జతల ఊపిరితిత్తులున్నాయని పాపం దానికెలా తెలుస్తుంది?

అప్పుడర్థమైంది దానయ్యకి. వదిన వైపు చూశాడు. మూత పక్కకి జారి, ముఖం నల్లబడుతోంది. బానలో మామూలు గాలి మనిషికి చాలదు. తన మూత తీసి ఆవిడ ముఖానికి నొక్కాడు. ఒక ఊపిరి తను మానుకున్నాడు. ఆవిడ ఏడుగురి తాళంలోనే పీల్చింది, వదిలింది. దీపం చెదరలేదు. తర్వాత పోలారావు తన మూత ఇచ్చాడు. తర్వాత ఇంకొకడు. నడి సముద్రంలో ఒకే చెంబు నీళ్లు చేతులు మారినట్టు ఊపిరి చేతులు మారింది. కాశి కూడా బాగున్న చేత్తో మూత చాచాడు. సింహాచలం తల అడ్డంగా ఊపింది. వాడు చాచిన చెయ్యి దించలేదు. చివరికి తీసుకుంది.

ఇక కేక వెయ్యడానికి గొంతు లేదు. పరాయి మూతల్లో దొరికేది బతకడానికే సరి. దానయ్య ఇన్నేళ్లూ ఎడమ చెవి చాలక వదిన చెయ్యి చూసి తాడు లాగినవాడు. ఇప్పుడూ ఆ చెయ్యే చూశాడు. ఆవిడ వేలు లేస్తే ఇనప గోడ మీద అరచేత్తో కొట్టాడు. పీల్చు. వేలు దిగితే కొట్టాడు. వదులు.

పైన ప్రాణేశ్వర్‌కి జరుగుతున్నది తెలిసొచ్చింది. స్పీకర్లో ఒక పెళ్లి బ్యాండు పాట చెవులు పగిలేలా మోగింది, తాళం తప్పించడానికి. అందరి ఊపిరీ ఆ దరువు వైపు జారబోయింది. దీపం అంచులు వణికాయి. సింహాచలం కళ్లు మూసుకుని విన్నది. నాలుగు దరువులకి ఒకసారి వేలెత్తింది. అంతే. దానయ్య దెబ్బ బ్యాండు మీద ఎక్కి కూర్చుంది. శత్రువే డోలు కొట్టిపెడుతుంటే ఏడుగురూ హాయిగా పీల్చి వదిలారు. కాసేపటికి వాడికే సిగ్గేసి పాట కట్టేశాడు.

తర్వాత వచ్చింది అసలు దెబ్బ. గొంతు మెత్తబడింది.

"సింహాచలం, నేను మరీ అంత చెడ్డవాణ్ణి కాను. నీ గాలి తెరిచాను. మూత పెట్టుకో."

ఒళ్లో పడున్న ఆవిడ మూతలోంచి సన్నగా చల్లటి గాలి. నిండైన గాలి, ఎవరి దగ్గరా అరువు తెచ్చుకోనక్కర్లేనిది. ఒక్క ఊపిరి తీస్తే ఆవిడ పేరు తిరిగొస్తుంది. అడుగున ఇద్దరున్నట్టు లెక్క. బాన ఆగిపోతుంది. కాశి మళ్లీ వాడి చేతిలో పడతాడు.

"నీకేమైనా అయితే అది నా తప్పు కాదు. నేను గాలి ఇచ్చాను," అంది స్పీకరు.

సింహాచలం మూత చేతిలోకి తీసుకుంది. దానయ్య కొట్టడం మరిచిపోబోయాడు. ఆవిడ ముఖంలో ప్రతి నరమూ ఆ గాలి వైపే లాగుతోంది. ఆవిడ మూతని బోర్లించి, నేల మీద పెట్టి, మీద మోకాలేసి కూర్చుంది. అచ్చం మీట మీద కూర్చున్నట్టే. ఒక చేత్తో దాన్ని నొక్కి పట్టి, రెండో చేతి వేలెత్తింది.

కొట్టాడు దానయ్య. కళ్ల నీళ్లు మూతలోకి కారుతుంటే కొట్టాడు.

ఏడుగురు ఏడు ఊపిర్లు మానుకుంటూ, ఒకావిడని పోషిస్తూ, ఒక్క మనిషిలా పైకి లేచారు. చివర్లో వేలు లేవడం కష్టమైంది. ఆవిడ వేలు ఆగాక కూడా దానయ్య ఆపలేదు. వదిన చెయ్యి ఎప్పుడు లేస్తుందో అతని అరచేతికి కంఠతా వచ్చు. నీళ్లు నల్లన నుంచి నీలమై, నీలం నుంచి పచ్చనై, ఎండ బాన కిటికీలో పగిలింది. ఆ వేళకి తనిఖీ పడవ వచ్చి నిలబడి ఉంది. సింహాచలాన్ని దుప్పట్లో చుట్టి మోశారు. ఆవిడకి తెలివి వచ్చాక చేసిన మొదటి పని, ఎనిమిది తలలూ లెక్క పెట్టుకోవడం.

బతికింది. గొంతు మాత్రం అక్కడే వదిలేసి వచ్చింది. అన్నేసిసార్లు ఊపిరాడక, ఊపిరితిత్తులకి మచ్చలు పడ్డాయన్నారు. ఇప్పుడు గుసగుస తప్ప రాదు. ఎల్లాజీ పులుసు కలుపుతూ, "ముప్పై ఏళ్లుగా మెల్లిగా మాటాడవే అని మొత్తుకున్నాను. ఇప్పుడు మొక్కు తిరిగి తీసుకోడం ఎలాగో తెలీక సస్తన్నాను," అనేవాడు. ఆవిడ గరిటె పెట్టి అతని చేతి మీద కొట్టేది. అదొక్కటే ఇంట్లో పెద్ద చప్పుడు. ఒకరోజు శమంత చూడడానికి వచ్చింది. వెళ్లేటప్పుడు, ఇక నుంచి ఎవరి గాలినీ ఎవరూ పైనుంచి మూయలేని విధంగా యంత్రాన్ని మారుస్తున్నానంది. "ఆ ఒంటి మనిసి కట్టు మాత్రం ఉంచమ్మా," అని గుసగుసలాడింది సింహాచలం.

ఊళ్లో దానయ్యకి మాత్రం "దగ్గుల దానయ్య" అన్న పేరు స్థిరపడింది. టీ బడ్డీ దగ్గరికి వెళితే చాలు, నలుగురూ కోరస్‌గా దగ్గేవారు. పైకి నవ్వేవాడు. లోపల ముల్లులా గుచ్చుకునేది. ప్రాణాల మీదికొచ్చిన మాటని తప్పు విన్నాడు కదా తను.

విచారణ రోజున హాలు నిండింది. ప్రాణేశ్వర్ తరఫు వకీలు నున్నగా లేచాడు. ఓడలో రికార్డయిన శబ్దం వినిపించాడు. అందులో దగ్గులు, నవ్వులు.

"విన్నారుగా మేడమ్? బెదిరింపే ఉంటే మనుషులు ఇలా నవ్వుతారా? మా క్లయింటు సరదా మనిషి. దగ్గమన్నాడు, దగ్గారు. ఆ దానయ్యే స్వయంగా 'దగ్గిస్తాడంట' అన్నాడు, వినండి. తర్వాత తగ్గిస్తానన్నది కూడా ఆ సరదాకి కొనసాగింపే."

హాలంతా దానయ్య వైపు తిరిగింది. చెవి పోగు సీసంలా బరువెక్కింది. తన చెవి వల్ల వాడు తప్పించుకుంటాడా?

విచారణాధికారి అద్దాలు సర్దుకుంది. "సింహాచలం గారూ, మీరేమంటారు?"

సింహాచలం లేచింది. గుసగుస ఎవరికీ వినపడదు కనుక దానయ్యని పక్కకి రమ్మంది. అతను కుడి చెవి ఆవిడ నోటి దగ్గర పెట్టి, విన్న ముక్క విన్నట్టు గట్టిగా చెప్పడం మొదలెట్టాడు.

"'ఆడు అన్నది తగ్గిస్తాననే. నాకు మొదట్నించీ సరిగ్గానే ఇనపడింది,' అంటోందండి మా వదిన."

చెప్పాక గాని ఆ మాట అర్థం దానయ్య బుర్రకెక్కలేదు. వదిన ముఖంలోకి చూశాడు. చెప్పు, చెప్పు అని చెయ్యూపింది.

"'దానయ్య సెవికి దగ్గని ఇనపడ్డాది. నేను దిద్దలేదు. నేనే దగ్గమన్నాను. నవ్వింది ఆడి సరదాకి గాదు, నా మాటకి. తప్పు మావోడి సెవిది గాదు, నాది. ఇన్నాళ్లూ దగ్గుల దానయ్యని ఏడిపించినోళ్లందరూ ఇది ఇనుకోండి,' అంటోందండి."

వెనక వరసలో పోలారావు ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక పైకప్పు చూశాడు.

"తెలిసి కూడా ఎందుకు దిద్దలేదు?" అడిగింది అధికారి.

సింహాచలం చెప్పింది. దానయ్య విన్నాడు. గొంతు సవరించుకోవలసి వచ్చి ఒకసారి దగ్గాడు. హాల్లో ఎవరూ నవ్వలేదు.

"'నాకు ఆలోసించుకోడానికి కొంచెం టైము కావాలి. అప్పటిదాకా నా గుంటల్ని బయపడనివ్వడమెందుకు, నవ్వుకోనీ అనుకున్నాను,' అంటోందండి మా వదిన."